శుక్రవారం ఊగని బడి

మా బడిలో సుద్దముక్కను బల్ల మీద పెడితే పెట్టిన చోట ఉండేది కాదు. నేను బోర్డు వైపు తిరిగి కప్ప గుండె గీసి, మళ్లీ ఇటు తిరిగేసరికి అది బల్ల అంచుదాకా వచ్చేది. దాన్ని పట్టుకోవడం ముందు బెంచీ పిల్లలకు అలవాటు. పాఠం వింటూనే, నా మొహం చూస్తూనే చెయ్యి చాచి పట్టేసేవాళ్లు. కొత్తగా చేరిన టీచర్లు మొదట్లో భయపడేవాళ్లు, తర్వాత తలనొప్పి అనేవాళ్లు, ఆపైన ఏమీ అనేవాళ్లు కాదు. నేనూ అంతే.

కింద అంతస్తు నిండా పవర్‌లూములు, పైన మేము. ముంబై పక్కనున్న భివండిలో మా తెలుగు మీడియం బడి అలా మగ్గాల నెత్తిన కూర్చుని నడిచింది. ఊరు విడిచి వచ్చిన మనవాళ్లు ముందు మగ్గం పెట్టుకున్నారు, దాని పైన గుడి ఫోటో పెట్టుకున్నారు, ఇంకా జాగా మిగిలితే బడి పెట్టారు. జాగా ఇచ్చినవాడికి దండం పెట్టాలి గానీ నేల ఊగుతోందని వంకలు పెట్టకూడదు. ఇది నేను చేరిన రోజే మా హెడ్‌మాస్టరు చెప్పిన మాట.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. మోకాళ్ల కోసం వరాలా తలావ్ అనే చెరువు చుట్టూ నడవమన్నారు. సగం నడుస్తాను, మిగతా సగం బెంచీ మీద కూర్చుని వచ్చేస్తాను. ఈ మధ్య అక్కడ ఓ కొత్త టీచరమ్మ కలిసింది. "మేడమ్, పిల్లలతోని సైన్స్ ప్రాజెక్టు ఎట్ల చేపియ్యాలె? మీరు మస్తు చేపిచ్చిన్రట గద, ఏదన్న చెప్పుర్రి" అంది. చేయించడానికేముందమ్మా, అట్టలుంటాయి, జిగురుంటుంది. చేశాక వచ్చేదాని గురించే చెప్పాలి. ఆ పూట ఆమెకు బస్సు టైమైంది, నాకు ఓపిక అయిపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమెలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే చదువుకుంటారు.

గుజరాత్‌లో పెద్ద భూకంపం వచ్చిన ఏడాది అది. జనవరిలో జెండా పండుగ పొద్దున వచ్చింది కదా. ఆ ఏడాది జెండా పండుగ శుక్రవారం పడింది. భివండిలో మగ్గాలకు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. ఆ ఒక్క రోజే ఈ ఊరికి చెవులు తెరుచుకుంటాయి. మేమంతా బడి మేడ మీద నిలబడి ఉన్నాం. జెండా ఎగిరింది, పాట అయింది, లడ్డూల పళ్లెం చేతులు మారుతోంది. ఉన్నట్టుండి జెండా కర్ర అటూ ఇటూ ఆడింది. కాళ్ల కింద సన్నగా కదిలింది. పిల్లలెవరూ లడ్డూ మీంచి తల ఎత్తలేదు. బిల్డింగు ఓనరు, అంటే మా బడి కమిటీ పెద్ద, మేము సేటు అని పిలిచే ఆయన, తెల్ల బట్టల్లో ముఖ్య అతిథిగా నిలబడి ఉన్నాడు. పిట్టగోడ మీంచి కిందికి వంగి కేకేశాడు.

"ఎవడుర మిషన్ చాలూ జేసింది? ఇయ్యాల శుక్రారం గదర!"

కింద వాచ్‌మన్ రెండు చేతులూ గాల్లో ఆడించి, ఎవరూ లేరన్నాడు. సేటు నమ్మలేదు. మెట్లు దిగి వెళ్లి షెడ్డు తాళం లాగి చూసుకుని వచ్చాడు. ఇంటికి పోయి టీవీ పెట్టాక గానీ అది భూకంపమని మాకు తెలియలేదు.

మర్నాడు ఎనిమిదో తరగతిలో అడుగు పెట్టగానే అందరూ మీద పడ్డారు. టీవీలో చూసిన కూలిన ఇండ్ల గురించి ఒకటే గోల. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల మాత్రం లేచి నిలబడింది. తండ్రి మా కింది షెడ్డులోనే కూలికి మగ్గం నడిపేవాడు. తల్లి ఇంట్లో చిన్న మిషన్ మీద మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఈ పిల్ల మామూలుగా నోరు విప్పదు. విప్పితే మనం సమాధానం చెప్పలేనిది అడుగుతుంది.

"టీచర్, నిన్న వచ్చింది గంతేనా? మన బడి రోజు గట్లనే ఊగుతది గద. మరి ఎందుకు కూలుతలేదు?"

నేనేం చెప్పానో చెప్పనా? "కూర్చో" అన్నాను. చాలా ఏళ్లు టీచరుగా పనిచేస్తే ఆ మాట ఊపిరిలా వస్తుంది. కానీ ఆ ప్రశ్న నాకు తలనొప్పిలా పట్టుకుంది. ఆ ఆదివారం సేటు ఇంటికే వెళ్లాను. బడి టైములో మగ్గాలు ఆపడం కుదురుతుందేమో అని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి చాయ్ పోయించి, నింపాదిగా చెప్పాడు.

"టీచరమ్మా, పొద్దటి షిఫ్టు బంద్ చేస్తె నాకేం గాదు. నేను ఇంకో తీరుగ బతుకుత. మీ క్లాసుల కూసున్న పిల్లల నాయినలే పస్తుంటరు. ఆపుమంటె ఆపుత, చెప్పు."

ఏం చెప్తాను? చాయ్ తాగి వచ్చేశాను.

ఆ పిల్ల తొమ్మిదికి వచ్చింది. ఆ చలికాలంలో తాలూకా సైన్స్ ప్రదర్శన అన్నారు. భూకంపాలను తట్టుకునే ఇండ్లు చేద్దామని పిల్లలే పట్టుబట్టారు. ఆడపిల్లలే ఎక్కువ మా తొమ్మిదిలో. మగపిల్లలు అప్పటికే సగం మంది మగ్గాల్లోకి దిగిపోయేవాళ్లు. సామాను కోసం మేము ఎక్కడికీ పోలేదు. నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లు, చీపురు పుల్లలు, తెగిన దారాలు, పైకప్పుకు బరువుగా గులకరాళ్లు. మూడంతస్తుల ఇండ్లు రెండు కట్టాం. ఒకటి మామూలుగా నిలువు పుల్లలు, వాటి మీద అట్టలు. రెండోదానికి ప్రతి గోడకూ మూల నుంచి మూలకు అడ్డంగా పుల్లలు కట్టాం. అసలు సంగతంతా ఆ ఏటవాలు పుల్లల్లోనే ఉంది. నేల పక్కకు లాగినప్పుడు గోడ వంగకుండా అవే పట్టుకుంటాయి. కీళ్ల దగ్గర జిగురు వాడలేదు. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేశారు. ఆ ముడి మా పిల్లలు ఒంటి చేత్తో, మాట్లాడుకుంటూ వేస్తారు. నాకు ఇప్పటికీ రాదు.

పుస్తకంలో ఏం రాశారంటే, గోలీల మీద ఒక పలక పెట్టి, పిడితో దాన్ని ఊపే యంత్రం చేసి, ఇండ్లను దాని మీద పరీక్షించాలని. మేము ఆ పేజీ చదివి తిప్పేశాం. ఊపేదాన్ని మళ్లీ చేయడమెందుకు? నేల ఉండనే ఉంది. పొద్దున ప్రార్థన కాగానే రెండు ఇండ్లనూ క్లాసు మూలన ఉన్న బెంచీ మీద పెట్టేవాళ్లం. ఇంటర్వెల్‌కి మామూలు ఇల్లు ఒక పక్కకు ఒరిగేది. అన్నం బెల్లుకు అటూ ఇటూగా కుప్పకూలేది. రెండోది సాయంత్రందాకా బింకంగా నిలబడేది. సోమవారం కూలింది, మంగళవారం కూలింది, బుధవారం, గురువారం కూలింది. కూలిన ప్రతిసారీ క్లాసంతా చప్పట్లు. లెక్కల సారు వచ్చి, ఈసారి అన్నం బెల్లు దాకా ఆగుతుందని వడాపావ్ పందెం కాసి ఓడిపోయాడు. శుక్రవారం ఎందుకు పరీక్షించలేదంటే, శుక్రవారం నాకు ల్యాబు సర్దే పని ఉండేది. ఇంకే కారణమూ లేదు.

ఇప్పుడు అసలు కష్టం చెప్పాలి. మా బడికి అనుమతి తొమ్మిదిదాకానే. పదో తరగతి లేదు. తొమ్మిది అయ్యాక మగపిల్లలు కొందరు దూరంగా ఉన్న హిందీ బడికో మరాఠీ బడికో పోయేవాళ్లు. ఆడపిల్లల్ని ఎవరూ పంపేవాళ్లు కాదు. ఆ ఏడాదే పదికి అనుమతి వచ్చేలా ఉందని హెడ్‌మాస్టరు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. ఒకరోజు షిఫ్టు దిగిన ఆ పిల్ల తండ్రి, ఒంటి నిండా దూదితో, మెట్ల మీద నన్ను ఆపాడు.

"టీచరమ్మా, ఈడ పది పెడితె మా బిడ్డ చదువుతది. ఒట్టేసి చెప్తున్న. వేరే తాన అయితె పంప. ఆటోల పోవుడు, వచ్చుడు, నాతోని కాదు. దాని తల్లి ఒక్కతె కండెలు చుట్టలేక చస్తుంది."

"పెడతరు. ఈసారి తప్పకుంట వస్తది పర్మిషన్" అన్నాను. వెనకే నిలబడి ఆ పిల్ల వింటోంది.

అనుమతి చూసే తాలూకా ఆఫీసరే సైన్స్ ప్రదర్శనకు న్యాయనిర్ణేత. హెడ్‌మాస్టరు తెలివిగా రెండూ కలిపేశాడు. ప్రదర్శన మా బడిలోనే పెట్టమని తనే కోరి తెచ్చుకున్నాడు. సార్ వస్తారు, ప్రాజెక్టులు చూస్తారు, అదే చేత్తో గదులు చూసి సంతకం పెడతారు. స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ నా వైపు వంగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు చెప్పాడు. అంటే మా బడి లెక్కలో కేక వేశాడని అర్థం.

"మేడమ్, శుక్రవారమే పెట్టిచ్చిన. చప్పుడు ఉండది, ఊగుడు ఉండది. సారు గోడలు చూస్తడు, బాగున్నయంటడు, అయిపాయె!"

"మంచి పని చేసిన్రు సార్" అన్నాను. నిజంగా అన్నాను. అక్కడున్న వాళ్లందరం తలలాడించాం. నేను కూడా, సైన్స్ టీచర్ని, ఊగే నేల మీదే ఆధారపడ్డ ప్రాజెక్టు చేతిలో పెట్టుకున్నదాన్ని. ఈ ఊరి వాళ్లకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు ఇంత గొప్ప తెలివి. నేల ఊగడం మాకు గాలి వీచినట్టు. అది ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించడం ఎప్పుడో మానేశాం.

గోడ పగుళ్ల మీద పటాలు వేలాడదీశాం. పెద్ద పగులు మీద భారతదేశం. పగులు కన్యాకుమారి కింద ఇంకా సాగింది కాబట్టి ఆ కింద నా మనిషి అస్థిపంజరం చార్టు. సున్నం కొట్టించాడు సేటు. పిల్లలు మెట్ల మీద ముగ్గులు వేశారు.

శుక్రవారం వచ్చింది. చుట్టుపక్కల మరాఠీ, హిందీ, ఉర్దూ బడుల పిల్లలు అట్టపెట్టెలు మోసుకుంటూ వచ్చారు. కింద ఒక్క మగ్గమూ ఆడటం లేదు. అంత నిశ్శబ్దంలో మా పిల్లలు మాత్రం మామూలుగా మాట్లాడారు. అంటే గొంతు చించుకుని అరిచారు. మరాఠీ బడి మేడమ్ ఒకామె చెవి మూసుకుని, వీళ్లకు ఎవరిమీద అంత కోపమండీ అని అడిగింది. నేను నవ్వాను. నా గొంతు కూడా అంతే ఉందని ఆమె మొహం చూస్తే తెలిసింది.

పొడుగు బల్ల మీద వరుసగా ప్రాజెక్టులు. మా ఇండ్ల పక్కన ఉర్దూ బడి వాళ్ల వాన నీటి ట్యాంకు, గాజు తొట్టి నిండా నీళ్లు. ఇంటర్వెల్ అయింది. ఆ పిల్ల నా చీర కొంగు పట్టి లాగింది.

"టీచర్, ఇది వంగుతలేదు."

"ఉండు, టైం పడుతది."

"రోజు ఈపాటికి వంగుతది టీచర్."

నేను కళ్లద్దాలు సర్దుకుని చూశాను. మామూలు ఇల్లు పెళ్లికొడుకులా నిటారుగా నిలబడి ఉంది. రెండు ఇండ్లకూ ఏ తేడా లేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇయ్యాల శుక్రారం, టీచర్" అంది మెల్లగా. జీవితంలో మొదటిసారి ఆ పిల్ల మెల్లగా మాట్లాడటం విన్నాను.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలోనే ఆఫీసరు మా బల్ల దగ్గరికి వచ్చేశాడు. పెద్ద వయసాయన, పొద్దుటి నుంచి తిరిగి తిరిగి అలిసిన మొహం, చేతిలో రుమాలు. మరాఠీలో అడిగాడు, ఈ రెండింటిలో ఏది మంచిది, ఎలా తెలుస్తుంది అని. చూపించాలి కదా. నేనే తొందరపడి ఇండ్లు పెట్టిన పలకను రెండు చేతులా పట్టుకుని ఊపాను. కంగారులో ఎంత గట్టిగా ఊపానో నాకు తెలియలేదు. మామూలు ఇల్లు కూలింది. దాని రాళ్లు తగిలి మంచి ఇల్లు కూడా కూలింది. బల్ల కూడా ఊగి పక్క తొట్టిలో నీళ్లు ఒలికి ఉర్దూ బడి పిల్లల నోట్సు తడిసిపోయింది. వాళ్ల టీచరు "అరే అరే, మేడమ్!" అని అరిచింది.

ఆఫీసరు రాళ్ల వైపు చూసి, "రెండూ పడ్డాయి కదా టీచర్ బాయీ, ఇందులో ఏం తేలింది?" అన్నాడు. ఎగతాళి లేదు గొంతులో, అలసటే ఉంది.

ఆ పిల్ల ఒక అడుగు ముందుకేసింది. వీధిలో నేర్చుకున్న మరాఠీలో, మా బడి గొంతుతో, గది అంతా వినబడేలా చెప్పింది.

"ఉద్యా యా సర్! ఉద్యా జమీన్ హల్తే!"

రేపు రండి సార్, రేపు నేల ఊగుతుంది, అని. అంతటితో ఆగలేదు. చేత్తో ఊపితే ఇలాగే అవుతుంది, కింద మగ్గాలు నడిస్తే నేల దానంతట అదే ఊగుతుంది, అప్పుడు ఇది పడుతుంది, ఇది పడదు అని వేలుపెట్టి చూపించింది.

ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "రోజూ ఊగుతుందా?"

"రోజూ సర్. శుక్రవారం తప్ప."

"ఈ గదా?"

"అన్ని గదులూ సర్."

నాకైతే మొదట గర్వమే వచ్చింది, నిజం చెప్తున్నాను. ఎంత చక్కగా చెప్పింది అనుకున్నాను. తర్వాత ఆయన వెనక నిలబడ్డ హెడ్‌మాస్టరు మొహం చూశాను. ఆ మొహంలో రక్తం లేదు. అప్పుడు అర్థమైంది ఆ పిల్ల ఏం చెప్పేసిందో. తన పదో తరగతి ఆ ఒక్క జవాబుతో పోతోందని ఆ పిల్లకు మాత్రం తెలియదు. నా వైపు తిరిగి, సార్ వస్తాడు కదా టీచర్ అన్నట్టు కళ్లెగరేసింది.

వచ్చాడు. రాకూడదనే మేమందరం మొక్కుకున్నాం. శనివారం బడి పెట్టగానే ఆటో దిగి, ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. అప్పటికి కింద మగ్గాలన్నీ అందుకున్నాయి. ఆడపిల్లలు ముందురోజు సాయంత్రమే రెండు ఇండ్లనూ మళ్లీ కట్టి సిద్ధంగా పెట్టారు. ఆయన తొమ్మిదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను పాఠం చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ముందు పెట్టిన గ్లాసులో నీళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి భారతదేశం పటాన్ని ఒక అంచు పట్టుకుని ఎత్తాడు. పగులు మీద అరచెయ్యి పెట్టి, వైద్యుడు ఛాతీ మీద పెట్టినట్టు, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

అన్నం బెల్లు దగ్గరపడేసరికి మామూలు ఇల్లు ఒరిగి కూలింది. మంచి ఇల్లు నిలబడింది. పిల్లలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. ఆ పిల్ల దగ్గరికి వెళ్లి భుజం తట్టి, "శాబాస్" అన్నాడు.

వరండాలోకి నన్నూ హెడ్‌మాస్టరునూ పిలిచి, చప్పుడులో మాకు వినబడేలా దగ్గరికి వంగి చెప్పాడు. "ప్రదర్శనలో ఇదే మొదటి ప్రైజు, అందులో సందేహం లేదు. కానీ ఈ గదుల్లో ఇంకో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టమని నా చేత్తో రాయలేను. ఉన్న పిల్లల్నే ఇక్కడ ఎలా కూర్చోబెడుతున్నారో నాకు తెలియడం లేదు."

హెడ్‌మాస్టరు చేతులు జోడించాడు. "సార్, ఆడపిల్లలు ఆగిపోతారు సార్. వీళ్లను వేరే బడికి పంపరు."

"కూలితే మాస్తర్?" అన్నాడాయన.

గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు.

సోమవారం ప్రార్థనలో ప్రైజు ప్రకటించారు. పిల్లలు ఎగిరి గంతులేశారు. అనుమతి సంగతి కూడా దాచలేకపోయాం, సేటు మనుషుల ద్వారా అప్పటికే పాకిపోయింది. క్లాసుకు వెళ్లే వరుసలో ఆ పిల్ల నా పక్కకు వచ్చింది. చేతిలో ప్రైజుగా ఇచ్చిన రేకు కప్పు ఉంది.

"టీచర్, ఫస్టు మనదే గద. మరి పది ఎందుకిస్తలేరు?"

"బడి ఊగుతుందని."

కప్పును ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేను చెప్పినందుకా?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. "నువ్వు చెప్పకున్నా ఊగుతది గద" అన్నాను. ఆ మాట నిజమే, కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. ఆమెకూ తెలిసింది. కప్పు నా బల్ల మీద పెట్టి, తన చోట కూర్చుంది. ఆ రోజంతా కిటికీలోంచి బయటికే చూసింది.

స్టాఫ్ రూములో పెద్ద రభస. సేటు వచ్చాడు, నిలబడే మాట్లాడాడు.

"గా పోరిని ఒక్క మాట ఆపలేకపోయినవా టీచరమ్మా? పక్కన్నే ఉంటివి గద! మొత్తం ముంచె!"

నేను సాధారణంగా ఆయనకు ఎదురు చెప్పను. జాగా ఇచ్చినవాడు కదా. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది.

"ఏడాది పొడుగు అడిగినదానికి గట్టిగ జవాబు చెప్పుమని కొట్టి నేర్పిన, సేటు. శుక్రవారం ఒక్క దినం నోరు మూసుకోవాలని నేర్పలే. గది నా సిలబస్‌ల లేదు. మీ బిల్డింగుకు లేని సిగ్గు ఆ పిల్లకెందుకు?"

హెడ్‌మాస్టరు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సేటు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"కోపం చెయ్యకు. నా మనవరాలు గూడ ఈడనే మూడో తరగతి. రాత్రి పండుకుంటె గదే యాదికొస్తుంది. ఏం జేయాల్నో సమజైతలేదు."

ఆయన్ని చెడ్డవాడిగా రాయడం నాకు ఇప్పటికీ కుదరదు. చాలా ఏళ్లు చూశాను కాబట్టి తెలుసు, ఈ ఊళ్లో ఎవరి మీద కోపం వచ్చినా ఆ మనిషి కింద ఇంకొకరు బతుకుతుంటారు. అందుకే కోపం ఎక్కువసేపు నిలవదు, అలసట నిలుస్తుంది.

ఆ వేసవిలో తొమ్మిది పాసైన ఆడపిల్లలంతా ఇండ్లలో ఆగిపోయారు. ఇద్దరు ముగ్గురిని మా ఇంటికి రమ్మని, బడి లేకుండా బయటి నుంచి పది పరీక్ష రాయిద్దామని పుస్తకాలు తెచ్చాను. ఆ పిల్ల కొన్నాళ్లు వచ్చింది. వచ్చినప్పుడు వేళ్లకు దారం కోసిన గాట్లుండేవి. తల్లికి చెయ్యి నొప్పి ఎక్కువై కండెల పని మొత్తం ఈమె మీద పడ్డాక రావడం మానేసింది. నేను కబురు పంపాను. వస్తానని తిరిగి కబురు పంపింది. అలా రెండు మూడు సార్లయ్యాక నేనూ పంపడం మానేశాను.

సేటు మాత్రం మాటలతో ఆగలేదు. ఏడాది తిరిగేసరికి నాలుగు సందుల అవతల వేరే బిల్డింగు చూశాడు. కింద కిరాణా గోదాములు, మగ్గాలు లేవు. కమిటీలో కొట్లాడి బడిని అక్కడికి మార్పించాడు. అదే ఆఫీసరు వచ్చి చూశాడు, శుక్రవారం కాదు, బుధవారం. పదికి అనుమతి వచ్చింది. కొత్త బడిలో మొదటి వారం అంతా పిల్లలకు తల తిరిగింది. నాకూ తిరిగింది. గొంతు ఎంత తగ్గించాలో ఎవరికీ తెలియక నెల రోజులు అరుచుకుంటూనే ఉన్నాం.

అనుమతి వచ్చిన రోజే ఆ పిల్ల ఇంటికి బయలుదేరాను. ఏడాది పోతే పోయింది, ఇప్పుడైనా పదిలో కూర్చోబెట్టాలని. ఎంత సంతోషంగా వెళ్లానంటే, మధ్యలో ఆటో దిగి పావుకిలో జిలేబీ కొన్నాను. ఒకే గది ఇల్లు. గుమ్మం పక్కనే కండెల మిషన్, దాని ముందు ఆమె. పొడుగైంది. తల్లి లోపల మంచం మీద ఉంది, చెయ్యికి గుడ్డ చుట్టుకుని. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"పర్మిషన్ వచ్చింది బిడ్డ. పది పెట్టిన్రు" అన్నాను.

మిషన్ ఆపలేదు. దారం ఒక వేలి మీంచి జారుతూనే ఉంది. కానీ మొహం వెలిగింది.

"కొత్త బడి ఊగుతలేదా టీచర్?"

"లేదు."

"జరంత గూడ?"

"జరంత గూడ లేదు. నీళ్లు కదలయి."

నవ్వింది. నిజంగా, పళ్లు కనబడేలా నవ్వింది. "అయితె మంచిదే. చెల్లె ఐదుకొచ్చింది. ఆ ఊగే బడికి పంపుడంటె భయమై ఆపిన. రేపట్నుంచి పంపుత."

"మరి నువ్వు?"

నిండిన కండె తీసి పక్క గంపలో పడేసి, ఖాళీది ఎక్కించింది. "నేనొస్తె ఇది ఎవరు తిప్పుతరు టీచర్?"

లోపల తల్లి అటు తిరిగి పడుకుంది. నేను జిలేబీ పొట్లం మంచం మీద పెట్టాను. అక్కడ ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుందని తొందరగా బయటికి వచ్చేశాను.

చెల్లెలు మర్నాడు వచ్చింది, కొత్త రిబ్బన్లు కట్టుకుని. ఐదు నుంచి పది దాకా మా దగ్గరే చదివింది. అక్క ఎలా ఉందని అడిగితే, మంచిగుందని చెప్పేది.

అమ్మా కొత్త టీచరమ్మా, ఆ రోజు నువ్వు నన్ను ఐడియా అడిగావు. నేనీ మాటే చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను. ఆ పిల్ల లేచి అడిగిన ప్రశ్న వల్ల, నోరు విప్పి చెప్పిన జవాబు వల్ల, మా బడి గట్టి నేల మీదికి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని వందల మంది పిల్లలు అందులో కూర్చున్నారో. ఆ పిల్ల అందులో ఒక్క రోజు కూడా కూర్చోలేదు.